ఉద్యోగం దొరికింది కదా, ఇంకేం?

ఆదివారం పొద్దున్నే అమ్మ వీడియో కాల్. "ఏమ్మా, ఉద్యోగం దొరికిందటగా! ఎక్కడ?" అంటుంటే ఆవిడ మొహం వెలిగిపోతోంది. వెనకాల నుంచి పిన్ని కూడా తొంగి చూస్తోంది. "ఒక కంపెనీలో అమ్మా" అన్నాను. కంపెనీ అన్నది అబద్ధం కాదు. మెల్‌బోర్న్‌కి పడమటి వైపున్న పెద్ద గోడౌన్‌లో ఆన్‌లైన్ ఆర్డర్లు పెట్టెల్లో సర్దే పని. గుంటూరులో తొమ్మిదేళ్లు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినదాన్ని. ఎమ్మెస్సీ, బీఈడీ. ఆ సంగతి గోడౌన్‌లో ఎవరికీ చెప్పలేదు. గోడౌన్ సంగతి అమ్మకి చెప్పలేదు.

"సర్లేమ్మా, ఉద్యోగం దొరికింది కదా, ఇంకేం!" అంది పిన్ని.

ఈ మాట మీరూ వినే ఉంటారు. మన గ్రూపులో ఫార్మసీ చదివి వృద్ధాశ్రమంలో పనిచేసేవాళ్లున్నారు. ఇంజినీరింగ్ చేసి సూపర్‌మార్కెట్ కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లున్నారు. ఎవరూ పైకి చెప్పరు. "డబ్బొస్తోందిగా, ఇంకా ఏడుపేంటి" అని మనల్ని మనమే కసురుకుంటాం. కానీ పని తీరుకీ, మనిషి మనసుకీ, ఒంటికీ ఉన్న సంబంధం మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నాయి. వాటిలో ముఖ్యమైనదొకటి ఆస్ట్రేలియాలోనే జరిగింది. అవి చదివాక నా మీద నాకున్న కోపం సగం తగ్గింది. అందుకే ఈసారి మీకు ఇది రాస్తున్నాను.

దిండు కింద ఫోన్

నాది క్యాజువల్ పని. రేపు పని ఉందో లేదో ముందురోజు రాత్రి మెసేజ్ వస్తే గానీ తెలిసేది కాదు. ఒక్కోసారి తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చేది. అందుకని ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. మెసేజ్ రాకపోతే ఆ వారం డబ్బు తక్కువ. వస్తే పిల్లాణ్ణి బడికి ఎవరు దింపాలన్న గొడవ. పని వారానికి మూడు రోజులే, దిగులు మాత్రం ఏడు రోజులూ. నడుం నొప్పి వల్ల నిద్ర పట్టడం లేదని చాలాకాలం అనుకున్నాను. తీరా చూస్తే పని లేని రోజుల్లో కూడా నిద్ర లేదు.

లండన్‌లో ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యం మీద 'వైట్‌హాల్ 2' అనే పెద్ద అధ్యయనం 1985లో మొదలైంది. అది సాగుతుండగా ఒక శాఖని ప్రైవేటుకి అమ్మేస్తారన్న మాట బయటికొచ్చింది. ఇంకా ఎవరి ఉద్యోగమూ పోలేదు. అయినా సరే, మిగతా శాఖలవాళ్లతో పోలిస్తే ఆ శాఖవాళ్ల ఆరోగ్యం అప్పటినుంచే దెబ్బతినడం మొదలైంది. ఆ ఫలితాలు 1995లో అచ్చయ్యాయి. పోతుందేమో అన్న భయమే ఒక జబ్బులా పట్టుకుందన్నమాట.

మనకి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. ఉద్యోగం పోయిందంటే ఒక రోజు ఏడుస్తాం, మర్నాడు ఏం చేయాలో చూసుకుంటాం. ఉంటుందో పోతుందో తెలియనప్పుడు దేనికీ సిద్ధపడలేం. ఇండియా టికెట్ కొనలేం, అత్తగారిని పిలిపించలేం, పిల్లకి డాన్స్ క్లాసు ఫీజు కట్టలేం. ఇక వీసా కూడా ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంటే చెప్పేదేముంది?

ఏదో ఒకటి ఉంటే చాలా?

ఇప్పుడు ఆస్ట్రేలియా సంగతి. ఇక్కడ 'హిల్డా' అనే ఇంటింటి సర్వే 2001 నుంచి ఏటా జరుగుతోంది. ఏటా అవే కుటుంబాల దగ్గరికి వెళ్లి పని, డబ్బు, ఆరోగ్యం గురించి అడుగుతారు. కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన పీటర్ బటర్‌వర్త్ బృందం అందులోంచి 7,155 మంది వివరాలు తీసుకుని, ఏళ్ల వెంబడి వాళ్ల మానసిక ఆరోగ్యం ఎలా మారిందో చూసింది. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి.

ఉద్యోగం మంచిదా చెడ్డదా అని చెప్పడానికి వాళ్లు నాలుగు విషయాలు చూశారు. పని ఒత్తిడి ఎంత? మన పని మీద మనకి ఏమైనా చెల్లుబాటు ఉందా? ఉద్యోగం నిలుస్తుందన్న నమ్మకం ఉందా? కష్టానికి తగ్గ జీతం వస్తోందా?

ఖాళీగా ఉన్నవాళ్లకి మంచి ఉద్యోగం దొరికినప్పుడు వాళ్ల మనసు కుదుటపడింది. అది మనం అనుకునేదే. ఈ నాలుగింటిలోనూ అధ్వానంగా ఉన్న ఉద్యోగంలో చేరినవాళ్ల పరిస్థితి మాత్రం, ఉద్యోగం లేకుండా ఉండిపోయినవాళ్లకన్నా ఎక్కువగా క్షీణించింది.

దీన్ని చదివి రేపే రాజీనామా ఇవ్వమని నేను చెప్పడం లేదు. అద్దె ఎవరు కడతారు? నేను చెప్పేది ఒక్కటే. ఉద్యోగం దొరికాక కూడా మీకు బాగుండటం లేదంటే అది మీ పొగరు కాదు, బలహీనత కాదు, కృతజ్ఞత లేకపోవడం అంతకన్నా కాదు. ఆ ఉద్యోగంలోనే కొన్ని లోపాలున్నాయి. అవేంటో విడివిడిగా చూసుకుంటే, వాటిలో కొన్నైనా మార్చుకోగలం.

చదువు ఒకటి, పని ఒకటి

ఇంకో ముల్లు ఉంది. చదివిన చదువుకి, చేస్తున్న పనికి పొంతన లేకపోవడం. ఇది మన ఒక్కరి కథ కాదు. సెటిల్‌మెంట్ సర్వీసెస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ కోసం డెలాయిట్ 2024లో వేసిన లెక్క ప్రకారం, ఆస్ట్రేలియాలో శాశ్వత నివాసం పొందిన వలసదారుల్లో 44 శాతం మంది, అంటే 6,21,000 మంది, తమ నైపుణ్యానికి తక్కువైన పనిలోనే ఉన్నారు. వీళ్లలో ఎక్కువమంది నైపుణ్యం ఉందని పిలిచి వీసా ఇచ్చినవాళ్లే!

ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకి పని మీద తృప్తి తక్కువగా ఉంటుందని చాలా పరిశోధనలు చెప్పాయి. కానీ రెండు పరిశోధనలు నాకు ధైర్యాన్నిచ్చాయి. ఒకటి టర్కీలో బట్టల దుకాణాల్లో అమ్మకం పని చేసేవాళ్ల మీద జరిగింది, 2009లో అచ్చయింది. చదువు ఎక్కువైందనుకునేవాళ్లే ఎక్కువ సరుకు అమ్మారట! పనిలో వాళ్ల మాట చెల్లుతూ, సొంతంగా నిర్ణయం తీసుకునే వీలున్న చోట వాళ్ల అసంతృప్తి కూడా తగ్గింది. రెండోది చైనాలో జరిగింది, 2015లో వచ్చింది. పక్కన పనిచేసేవాళ్లు కూడా తమలాగే ఎక్కువ చదివినవాళ్లని తెలిసినప్పుడు మనిషి ఆ పనిలో తనకి ఒక చోటుందని అనుకుంటాడు, పని కూడా బాగా చేస్తాడు.

ఇది చదివిన వారంలోనే టీ బ్రేక్‌లో పక్కనున్నావిడని అడిగాను, "మీ ఊళ్లో ఏం చేసేవారు?" అని. ఫిలిప్పీన్స్‌లో బ్యాంకు ఉద్యోగమట. ఆవిడ పక్కనున్న నేపాలీ అమ్మాయి నర్సింగ్ చదివింది. ఎనిమిది నెలలుగా ఒకే బల్ల దగ్గర పెట్టెలు కడుతున్నాం, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ రోజు నుంచి బ్రేక్ టైము వేరేగా గడిచింది. నేపాలీ అమ్మాయికి రిజిస్ట్రేషన్ సంగతి, నాకు పర్మనెంట్ అయ్యే దారి సంగతి అక్కడే తెలిశాయి.

మన చేతిలో ఉన్నవి

క్యాజువల్ అయితే: గంటకి సాధారణంగా 25 శాతం ఎక్కువ ఇస్తారు, కానీ జీతంతో సెలవు, జబ్బు చేస్తే సెలవు ఉండవు. 2024 ఆగస్టు 26 నుంచి కొత్త నియమం వచ్చింది. ఆరు నెలలు పనిచేశాక (15 మంది కంటే తక్కువ పనివాళ్లున్న చిన్న వ్యాపారమైతే ఏడాది), మీ పని నిజంగా క్యాజువల్‌లా లేదనిపిస్తే, పర్మనెంట్ చేయమని మీరే రాతపూర్వకంగా అడగొచ్చు. యజమాని 21 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. కాదంటే కారణం చెప్పాలి. సందేహాలకి ఫేర్ వర్క్ నంబరు 13 13 94. ఇంగ్లిష్‌లో మాట్లాడటం ఇబ్బందైతే 13 14 50కి ఫోన్ చేసి తెలుగు దుబాసీని అడగండి. మీది ఏ వీసా అయినా పనిచేసేచోట హక్కులు అందరికీ ఒకటే.

వీసా ఉద్యోగానికి ముడిపడి ఉంటే: యజమాని స్పాన్సర్ చేసిన 482 లాంటి వీసాల్లో, ఉద్యోగం పోతే ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి ఒకప్పుడు 60 రోజులే గడువు. 2024 జూలై 1 నుంచి ఒక్కోసారికి 180 రోజులు, వీసా కాలం మొత్తంలో 365 రోజుల వరకు ఇస్తున్నారు. ఈ ఒక్క సంగతి తెలిసినా రాత్రి కొంచెం నిద్ర పడుతుంది.

చదువుకి తగ్గ పని కావాలంటే: వీసా కోసం చేయించిన మదింపు వేరు, పని చేయడానికి కావలసిన రిజిస్ట్రేషన్ వేరు. నేను ఇక్కడే ఏడాది పోగొట్టుకున్నాను. టీచర్లకి వీసా మదింపు ఏఐటీఎస్‌ఎల్ చేస్తుంది. బడిలో పాఠం చెప్పాలంటే విక్టోరియాలో వీఐటీ, న్యూసౌత్‌వేల్స్‌లో నెసా దగ్గర నమోదు కావాలి. ఫార్మసిస్టులకి ఆస్ట్రేలియన్ ఫార్మసీ కౌన్సిల్ పరీక్ష, దంత వైద్యులకి ఆస్ట్రేలియన్ డెంటల్ కౌన్సిల్ పరీక్షలు ఉంటాయి. మీ రంగానికి ఎవరో ముందు కనుక్కోండి, తర్వాతే డబ్బు కట్టండి.

మనసు బాగోకపోతే: మెడికేర్ ఉన్నవాళ్లు మీ జీపీని మెంటల్ హెల్త్ ప్లాన్ అడగండి. ఏడాదికి పదిసార్లు సైకాలజిస్టు దగ్గరికి వెళ్లడానికి కొంత డబ్బు తిరిగి వస్తుంది. మెడికేర్ లేకపోయినా బియాండ్ బ్లూ 1300 22 4636, లైఫ్‌లైన్ 13 11 14 ఎప్పుడైనా పలుకుతాయి.

ఊళ్లో ఉన్న మనవాళ్లకి

అమ్మలూ, పిన్నులూ, వదినలూ, ఇది మీకు. "జీతమెంత? పర్మనెంటేనా?" అని మీరు ప్రేమతోనే అడుగుతారని మాకు తెలుసు. కానీ ఆ ప్రశ్నకి జవాబు లేనప్పుడే మేం అబద్ధం చెప్తాం. దానికి బదులు "ఈ వారం ఎలా గడిచింది?" అని అడగండి. నాలుగు మాటలు ఎక్కువ చెప్తాం.

పోయిన సంక్రాంతికి అమ్మకి గోడౌన్ సంగతి చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. "రోజంతా నిలబడేనా? మరి రాత్రి కాళ్లకి కొబ్బరినూనె రాసుకుంటున్నావా?" అంది. పిన్ని ఫోన్ లాక్కుని, "మీ బాబాయి రిటైరయ్యాక ఏడాదిపాటు కొట్లో లెక్కలు రాశాడు, నీకు తెలీదు" అంది. నాకు నిజంగానే తెలీదు.

ఇప్పుడు నేను ఒక హైస్కూల్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పాఠం చెప్పడం లేదు గానీ రసాయనాల మధ్యనే ఉన్నాను. పని ఏ రోజుల్లోనో ముందే తెలుసు. వీఐటీ కాగితాలు ఇంకా నడుస్తున్నాయి, వస్తాయో రావో చూడాలి. ఫోన్ మాత్రం ఇప్పుడు వంటింట్లో చార్జింగ్‌కి పెట్టి పడుకుంటున్నాను.

మీరు ఊళ్లో ఏం చేసేవారో, ఇక్కడ ఏం చేస్తున్నారో ఈ వారం గ్రూపులో ఒక్క లైను రాయండి. మన పక్కన ఎవరున్నారో తెలుసుకుందాం.