హంపికి వయసు అడ్డమా?

కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో ఈమధ్య గుర్తుండడం లేదండీ, నలభై దాటాం కదా! చదరంగం ఆడేవాళ్లనీ వయసు వదలదు. ఎత్తు చప్పున తట్టదు, గంటలకొద్దీ కూర్చుంటే అలసట. కానీ వేల ఆటలు చూసిన కంటికి బల్ల చూడగానే సంగతి తెలుస్తుంది.

మా చింతలపూడి నుంచి వెళ్తే కొల్లేరు అవతల గుడివాడ. ఆ ఊరి కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్. 2017లో తల్లయ్యింది. ఇక ఆటెక్కడ అనుకున్నాన్నేను. 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. 2024లో న్యూయార్క్‌లో 37 ఏళ్లకి మళ్లీ! ఒక్కొక్కరికీ పావుగంటే టైమిచ్చే ఆటది, కుర్రకారుకే అనువు.

2025 ప్రపంచ కప్ ఫైనల్లో మాత్రం 19 ఏళ్ల దివ్య దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది. మామూలు ఆటలు రెండూ డ్రా. టైమ్ తరుముకొచ్చే టైబ్రేక్‌లో పట్టు జారింది. వయసు వల్లేనంటారా? సెమీఫైనల్లో తనకన్నా చిన్నదైన చైనా అమ్మాయి లీ టింగ్‌జీని టైబ్రేక్‌లోనే ఓడించిందిగా!