గుర్తులకు నకలు ఉందా?

చదువుతున్న పుస్తకం మధ్యలో ఆపుతాం. ఆ చోట నెమలీక పెడతాం. లేదా దారం పోగు పెడతాం. మళ్ళీ తెరిస్తే ఆపిన చోటే దొరుకుతుంది. పేజీలన్నీ తిరగేసే పని ఉండదు.

కంప్యూటర్లో కూడా ఇట్లాంటి గుర్తు ఉంది. దాన్ని బుక్‌మార్క్ అంటారు. బుక్ అంటే పుస్తకం. మార్క్ అంటే గుర్తు.

ఇంటర్నెట్ పేజీలను మనకు చూపించేది బ్రౌజర్. క్రోమ్ ఒక బ్రౌజర్. ఫైర్‌ఫాక్స్ ఇంకొకటి. మన ఇంటికి చిరునామా ఉన్నట్టే ప్రతి పేజీకీ ఒక చిరునామా ఉంటుంది. అది పొడుగ్గా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ఒక్క అక్షరం తప్పినా వేరే చోటికి పోతాం. అందుకని పేజీ తెరిచి ఉన్నప్పుడు నక్షత్రం బొమ్మ నొక్కుతాం. బ్రౌజర్ ఆ చిరునామాను రాసి పెట్టుకుంటుంది. ఈసారి పేరు మీద నొక్కితే చాలు.

గుర్తులు పోతే?

ఒక ఊరి పొదుపు సంఘం సంగతి అనుకుందాం. గ్రామ సమాఖ్య ఆఫీసులో ఒక కంప్యూటరు ఉంది. లెక్కలు రాసే అమ్మాయి అందులో గుర్తులు పెట్టింది. పొలం అడంగల్ చూసే పేజీ ఒకటి. పిల్లల స్కాలర్‌షిప్పు పేజీ ఒకటి. బ్యాంకు పేజీ ఒకటి. ఎవరు వచ్చి అడిగినా నిమిషంలో తీసి చూపించేది.

ఒకనాడు కంప్యూటరు మొరాయించింది. బాగు చేసే అతను లోపల ఉన్నదంతా తుడిచేసి కొత్తగా ఎక్కించాడు. మిషను బాగయింది. గుర్తులు పోయాయి.

స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఇంక రెండు రోజులే గడువు. అమ్మాయి పేరు కొట్టి వెతికింది. అన్నిటికంటే పైన వచ్చిన పేజీని నొక్కింది. ‘ముందు 200 రూపాయలు కట్టండి. బ్యాంకు కార్డు నంబరు ఇవ్వండి’ అని అందులో ఉంది. పక్కన కూర్చున్న సభ్యురాలు తెర మీది అక్షరాలను కూడబలుక్కుని చదివింది.

“అమ్మాయ్, పోయినేడు డబ్బులేం అడగలేదే. ఇది ఆ పేజీయేనా?”

“పేరు అదే ఉంది పిన్నీ.”

“పేరు ఎవరైనా పెట్టుకుంటారు. పైన చిరునామా చూడు. చివర జీఓవీ డాట్ ఐఎన్ అని ఉండాలన్నావు గదా. ఇందులో లేదే.”

అది నకిలీ పేజీ. ఆమె చదవబట్టి డబ్బు మిగిలింది.

మన దేశంలో ప్రభుత్వ పేజీలు చాలావాటికి చిరునామా చివర జీఓవీ డాట్ ఐఎన్ అనే ఉంటుంది. మోసగాళ్ళు అదే పేరుతో, అవే రంగులతో వేరే పేజీలు తయారు చేస్తారు. సరైన గుర్తు మన దగ్గర ఉంటే వెతకక్కర్లేదు. వెతకకపోతే నకిలీ పేజీలో పడే భయం తగ్గుతుంది. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చెయ్యకూడదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యాలి.

నకలు తీయడం ఎట్లా?

విత్తనాలన్నీ ఒకే కుండలో పెట్టం. ఒక కుండకు పురుగు పట్టినా రెండో కుండ ఆదుకుంటుంది. గుర్తులకూ రెండో చోటు కావాలి. కంప్యూటర్లో క్రోమ్ ఉంటే ఇట్లా చెయ్యాలి.

1. క్రోమ్ తెరవాలి. పైన కుడి పక్క మూడు చుక్కలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వాటిని నొక్కాలి.

2. వచ్చిన వరసలో ‘బుక్‌మార్కులు’ అనే మాట ఉంటుంది. అందులో ‘బుక్‌మార్క్ మేనేజర్’ను నొక్కాలి.

3. గుర్తులన్నీ కనిపిస్తాయి. అక్కడ కూడా కుడి పక్క మూడు చుక్కలు ఉంటాయి. వాటిని నొక్కాలి.

4. ‘ఎగుమతి’ లేక ‘ఎక్స్‌పోర్ట్’ అనే మాటను నొక్కాలి. మిర్చి ఎగుమతి చేసినట్టే. ఇక్కడి సరుకు బయటికి పోతుంది.

5. ఎక్కడ దాచాలని అడుగుతుంది. పేరుతో పాటు తేదీ కూడా పెట్టి దాచాలి.

గుర్తులన్నీ కలిసి ఒక చిన్న ఫైలు అవుతాయి. దాన్ని అదే కంప్యూటర్లో ఉంచితే లాభం లేదు. మిషను పోతే అదీ పోతుంది. పెన్ డ్రైవులోకి ఎక్కించి బీరువాలో పెట్టాలి. లేదా ఈ-మెయిల్‌లో మనకు మనమే పంపుకోవాలి.

తిరిగి తెచ్చుకోవడం ఎట్లా?

మళ్ళీ ఆ చోటికే పోవాలి. ఈసారి ‘దిగుమతి’ లేక ‘ఇంపోర్ట్’ నొక్కాలి. దాచిన ఫైలును చూపించాలి. గుర్తులు తిరిగి వస్తాయి. ఒకే ఫైలును రెండుసార్లు దించితే ఒక్కో గుర్తు రెండేసి కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు. ఎక్కువైనవి తీసెయ్యొచ్చు.

ఫైర్‌ఫాక్స్‌లో ‘బ్యాకప్’, ‘రిస్టోర్’ అనే మాటలు ఉంటాయి. బ్యాకప్ అంటే నకలు దాచడం. రిస్టోర్ అంటే ఆ నకలును తిరిగి పెట్టడం. ఇక్కడ ఒక జాగ్రత్త. రిస్టోర్ చేస్తే ఇప్పుడు ఉన్న గుర్తులు పోయి, పాత నకలులోవి వాటి చోట కూర్చుంటాయి. అందుకని ముందు ఇప్పటివాటికి ఒక నకలు తీసుకోవాలి.

మొలక పరీక్ష

విత్తే ముందు ఏం చేస్తాం? 100 గింజలు లెక్కపెట్టి తడి గుడ్డలో కడతాం. ఎన్ని మొలిచాయో చూస్తాం. నకలునూ అట్లాగే పరీక్ష చెయ్యాలి. ఇంకొక కంప్యూటర్లో దించి చూడాలి. నాలుగు గుర్తులు నొక్కి చూడాలి. పేజీలు తెరుచుకుంటే నకలు మంచిదే. అవసరం పడిన రోజున మొదటిసారి చూస్తే, అప్పుడు పనిచెయ్యకపోతే ఏం చేస్తాం?

ఫోను సంగతి

ఫోనులో క్రోమ్‌ను గూగుల్ ఖాతాతో కలపొచ్చు. దాన్ని సింక్ అంటారు. ఫోను పగిలినా, పోయినా కొత్త ఫోనులో అదే ఖాతా తెరిస్తే గుర్తులు వస్తాయి. కాని సింకూ నకలూ ఒకటి కాదు. సింక్ అంటే రెండు తొట్లకు ఒకే గొట్టం వేసినట్టు. ఒక తొట్టిలో నీళ్ళు తగ్గితే రెండో తొట్టిలోనూ తగ్గుతాయి. ఒక ఫోనులో గుర్తు చెరిపితే రెండో చోటా చెరిగిపోతుంది. వేరేగా దాచిన నకలు చెరగదు.

అన్నిటికంటే సులువైన నకలు మన నోటు పుస్తకమే. ముఖ్యమైన నాలుగైదు చిరునామాలు చుక్క తప్పకుండా రాసుకోవాలి. కరెంటు లేకపోయినా అది పనిచేస్తుంది.

నకలులో ఏం ఉండదు?

నకలులో ఉండేది పేరు, చిరునామా మాత్రమే. పాస్‌వర్డు ఉండదు. పేజీలోని కాగితం కూడా ఉండదు. అడంగల్ కావాలంటే దాన్ని వేరేగా దించుకుని దాచాలి.

చిరునామాలు మారుతూ కూడా ఉంటాయి. తెలంగాణలో భూముల వివరాల కోసం 2020లో ధరణి వచ్చింది. 2025లో దాని బదులు భూభారతి వచ్చింది. అట్లా మారినప్పుడు పాత గుర్తు తీసి కొత్తది పెట్టుకోవాలి. కొత్త నకలు తీసుకోవాలి. సంఘం లెక్కలు చూసే రోజునే నెలకొకసారి ఈ పని కూడా చేస్తే మరిచిపోరు.

ఆలోచించి చెప్పండి

1. మీ సంఘం కంప్యూటరు రేపు పాడైతే ఏయే పేజీలు పోతాయి?

2. ఆ చిరునామాలు ఒక్కరికే తెలుసా, నలుగురికీ తెలుసా?

3. నకలునూ అదే కంప్యూటర్లో ఉంచితే ఏమవుతుంది?

చేసి చూడండి

మీకు ఎక్కువగా పనికొచ్చే ఒక పేజీ తెరవండి. దాని చిరునామాను నోటు పుస్తకంలో రాయండి. పక్కనున్న అక్కకు ఇచ్చి, చూసి కొట్టమనండి. పేజీ తెరుచుకుంటే మీరు రాసింది సరే.