ఫ్లైవీల్ జోలికి వెళ్లేముందు

పాత బుల్లెట్ నడిపేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు రెండు కోరికలు పుడతాయి. ఒకటి, బండి ఇంకాస్త చురుగ్గా ఎత్తుకోవాలి. రెండోది, కిక్ కొట్టే బాధ తప్పి బటన్ నొక్కగానే స్టార్ట్ కావాలి. మొదటిదానికి ఫ్లైవీల్‌ను లేత్ మీద తరిగించమని, రెండోదానికి సెల్ఫ్ పెట్టించమని సలహాలు వస్తాయి. చూడటానికి ఇవి వేర్వేరు పనులు. ఇంజిన్ లోపల మాత్రం ఒకదాని మంచిచెడ్డలు రెండోదాని మీద పడతాయి.

ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో రూపుదిద్దుకుని, 1955లో మద్రాసుకు వచ్చిన 350 బుల్లెట్‌నే తీసుకుందాం. 346 సీసీ, ఒకటే సిలిండర్, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారే మంట అంటుకుంటుంది. ఐడ్లింగ్‌లో నిమిషానికి 600 చుట్లు అనుకుంటే సెకనుకు ఐదు దెబ్బలే. మరి పొగను బయటికి నెట్టడానికి, కొత్త గాలిని, పెట్రోలును పీల్చడానికి, వాటిని గట్టిగా నొక్కడానికి శక్తి ఎక్కడిది? క్రాంక్‌పిన్‌కు అటూ ఇటూ బిగించిన రెండు బరువైన ఫ్లైవీళ్లు ఆ దెబ్బను దాచుకుని, తర్వాతి మూడు స్ట్రోకులూ గడిపిస్తాయి. జనం మనసు పారేసుకున్న ఆ నింపాదైన డుగ్గుడుగ్గు శబ్దం వెనక ఉన్నది ఈ బరువే.

బరువు తగ్గిస్తే ఇంజిన్ వేగంగా రేజ్ అవుతుంది, నిజమే. రేసు బండికి అది లాభం. కానీ యాక్సిలరేటర్ వదలగానే అంతే వేగంగా పడిపోతుంది. ఐడ్లింగ్ కుదురుగా నిలవదు, ట్రాఫిక్‌లో క్లచ్ వదులుతుంటే ఆగిపోతుంది. ఎంత తీశారన్నదే కాదు, ఎక్కడ తీశారన్నదీ ముఖ్యమే. కేంద్రం నుంచి దూరం రెట్టింపైతే అక్కడి ఇనుము ప్రభావం నాలుగు రెట్లవుతుంది. అంచున తరిగిన కొద్దిపాటి ఇనుము మధ్యలో తీసిన దానికంటే చాలా ఎక్కువ మార్పు తెస్తుంది. పైగా సింగిల్ సిలిండర్ బండిలో పిస్టన్ ఊపును కొంత సరిచేసే ఎదురు బరువు కూడా ఈ చక్రాల్లోనే ఉంటుంది. లెక్క లేకుండా తరిగిస్తే బండి వణకడం మొదలవుతుంది, బేరింగులు త్వరగా పోతాయి. తరిగిన చక్రానికి పగులు ఉంటే మరీ ప్రమాదం.

కంపెనీలే బరువు తగ్గించిన సందర్భాలు లేకపోలేదు. బీఎండబ్ల్యూ తన బాక్సర్ బండ్లకు 1981 మోడళ్ల నుంచి క్లచ్, ఫ్లైవీల్ బరువు తగ్గించింది. గేర్లు మెత్తగా పడసాగాయి. అయితే వాటికి రెండు సిలిండర్లు, చుట్టుకొక దెబ్బ. బుల్లెట్‌కు ఆ వెసులుబాటు లేదు. ఆ పాత బాక్సర్ల ఫ్లైవీల్ విప్పేవాళ్లు ముందువైపు నుంచి క్రాంక్ కదలకుండా తప్పనిసరిగా అడ్డు పెట్టాలి. లేకుంటే క్రాంక్ ముందుకు జరిగి, వెనకున్న థ్రస్ట్ వాషర్ పిన్నుల మీది నుంచి జారుతుంది. అది చూసుకోకుండా తిరిగి బిగిస్తే ఇంజిన్‌కే ముప్పు.

ఇక సెల్ఫ్ సంగతి. మోటారు ఇంజిన్‌ను తిప్పాలి, ఇంజిన్ అందుకున్నాక మాత్రం మోటారును తిప్పకూడదు. ఈ పని చేసేది స్ప్రాగ్ క్లచ్. లోపలి చిన్న ఉక్కు ముక్కలు ఒకవైపు తిరిగితే పట్టుకుంటాయి, రెండోవైపు జారనిస్తాయి. వీటికి పెద్ద శత్రువు కిక్‌బ్యాక్. పిస్టన్ పైకి చేరకముందే, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా మంట అంటుకుంటే క్రాంక్ వెనక్కి తన్నుతుంది. బరువైన ఫ్లైవీల్ పిస్టన్‌ను ఆ క్షణం దాటించి పైకి చేర్చగలదు. తరిగిన ఫ్లైవీల్‌లో ఆ నిల్వ తక్కువ. తన్ను నేరుగా స్ప్రాగ్ మీద పడుతుంది. కిక్ బండి అయితే కాలి మడమ మీద.

కిక్‌బ్యాక్ ఒక్కటే కాదు, మోటారు బలం చాలకపోవడమూ సమస్యే. 1975లో నార్టన్ కమాండో మార్క్ 3 బండికి సెల్ఫ్ ఇచ్చారు. 828 సీసీ ఇంజిన్‌కు ఆ ప్రెస్టొలైట్ మోటారు బలం చాలలేదు. దాంతో యజమానులు మోటారు లోపల రెండు బ్రష్‌ల చోట నాలుగు పెట్టించారు, బ్యాటరీ నుంచి వచ్చే తీగలు లావువి వేయించారు. ఫ్రాన్సులోని ఆల్టన్ కంపెనీ పూర్తి సెల్ఫ్ కిట్లే తయారుచేస్తోంది.

సెల్ఫ్ లేని బుల్లెట్‌కు మొదట చేయించాల్సింది ఇంతకంటే చవకైన పని. పాయింట్ల గ్యాప్, ఇగ్నిషన్ టైమింగ్ సరిచేయించాలి. తాళం తిప్పి, కిక్‌ను మెల్లగా నొక్కుతూ అమ్మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా చూడాలి. అప్పుడు డీకంప్రెసర్ మీట పట్టుకుని ఇంకాస్త నొక్కి, మీట వదిలి, కిక్‌ను పైకి రానిచ్చి, ఒక్క నిండు కిక్ కొట్టాలి. టైమింగ్ బాగుంటే పెద్ద బలమేం అక్కర్లేదు.

సెల్ఫ్ ఉన్న పాత బండి అయితే బ్యాటరీ డీలాగా ఉన్నప్పుడు బటన్ నొక్కకండి, కిక్ కొట్టండి. రోజూ రోడ్డు మీద తిరిగే బుల్లెట్‌కు ఫ్లైవీల్ తరిగించడం దండగ. ఎలాగూ ఇంజిన్ విప్పాల్సి వచ్చి, తప్పదనుకుంటే అసలు చక్రాలను దాచిపెట్టి వేరే జతపై పని చేయించండి, బిగించే ముందు బ్యాలెన్స్ చూడమనండి. అసలు చక్రాలను దాచమనడం ఎందుకంటే, ఈ పాత ఇనుప ఇంజిన్ల తయారీ ఆగిపోయి పదేళ్లు దాటింది.