నిదానమే ప్రధానం

'నిదానమే ప్రధానం' అనే మాటను తొందరపడేవారికి హితవుగా చెబుతుంటాం. అక్కడ నిదానం అంటే తొందరపాటు లేకపోవడం. సంస్కృతంలో ఈ పదానికి 'మూలకారణం' అనే అర్థం కూడా ఉంది. ఆయుర్వేదం రోగకారణాన్ని నిదానం అంటుంది. చరక సంహితలో నిదానస్థానం అనే ప్రత్యేక విభాగమే ఉంది. కారణం తెలియనిదే చికిత్స ఫలించదన్న ఈ సూత్రం మానవదేహానికే కాక యంత్రానికీ వర్తిస్తుంది. లారీ ఇంజన్ నుండి ఆయిల్ కారడం అనే సామాన్య విషయాన్ని తీసుకొని ఈ సంగతిని పరిశీలిద్దాం.

దేహానికి రక్తం ఎటువంటిదో ఇంజన్‌కు ఆయిల్ అటువంటిది. అది లోహభాగాల మధ్య ఒరిపిడిని తగ్గిస్తుంది. పుట్టిన వేడిని మోసుకుపోతుంది. మసిని తనలో కలుపుకొని ఫిల్టరుకు చేరుస్తుంది. ఆరు సిలిండర్ల లారీ ఇంజన్‌లో సాధారణంగా పది లీటర్లకు మించి ఆయిల్ ఉంటుంది. కాబట్టి చుక్క చుక్కగా కారితే ఏమవుతుందిలే అని కొందరు ఉపేక్షిస్తారు. ఆయిల్ మట్టం బాగా తగ్గితే పంపుకు అందదు, పీడనం పడిపోతుంది, బేరింగులు కాలి ఇంజన్ పట్టేస్తుంది. కారిన ఆయిల్ కాగిన పొగగొట్టంపై పడితే మంటలు చెలరేగే ప్రమాదమూ ఉంది.

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక మరమ్మతు షెడ్డుకు ఇటువంటి లారీ ఒకటి వచ్చిందనుకుందాం. యజమానే దానికి డ్రైవరు. నెలనెలా వాయిదా కట్టవలసినవాడు. బండి ఆగిన ప్రతిరోజూ అతనికి కిరాయి నష్టమే. ఇంజన్‌కూ గేర్ బాక్సుకూ నడుమ, అడుగుభాగాన, నల్లని ఆయిల్ చుక్కలు కడుతున్నది. కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రవాడు కిందికి దూరి చూసి, "మేస్త్రీగారూ, వెనక ఆయిల్ సీలు పోయింది. గేర్ బాక్సు దించాల్సిందే" అన్నాడు. యజమాని ముఖం వాడిపోయింది. గేర్ బాక్సు, క్లచ్చి, ఫ్లైవీలు వరుసగా విప్పితే తప్ప ఆ సీలు చేతికందదు. అది పెద్ద పని, పెద్ద ఖర్చు.

మేస్త్రీ మాత్రం, "ముందు ఇంజన్ కడుగురా. మురికిని చూసి రోగం చెప్పకూడదు" అన్నాడు.

పెంకుటింట్లో వానచుక్క పడిన చోటికి సరిగ్గా పైనున్న పెంకే పగిలి ఉండాలన్న నియమం లేదు. ఎక్కడో కారిన నీరు వాసం వెంట జారి మరెక్కడో పడుతుంది. ఆయిల్ స్వభావమూ అంతే. అది పైనుండి కిందికి జారుతుంది. బండి వేగంలో వీచే గాలి దానిని వెనుకకు తోస్తుంది. కనుక తడి కనిపించిన చోటు నుండి పైకి, ముందుకు వెదుకుతూ పోవాలి.

చల్లారిన ఇంజన్‌ను శుభ్రంగా కడిగారు. గాలి పీల్చే మార్గంలోకి, విద్యుత్ కనెక్షన్లలోకి నీరు పోకుండా ముందే కప్పి ఉంచారు. ఆరిన తరువాత అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడరు చల్లి, కొంతసేపు ఇంజన్ నడిపి ఆపారు. టార్చిలైటు పట్టి చూస్తే తెల్లని పొడిపై నల్లని చార కనిపించింది. అది ఇంజన్ శిరస్సున ఉండే ట్యాపెట్ కవరు వెనుక మూల మొదలై, బ్లాకు వెంట దిగి, గేర్ బాక్సు ముంగిట చుక్కగా మారుతున్నది. వెనక సీలు నిర్దోషి అని తేలింది.

ఇక ట్యాపెట్ కవరు ప్యాకింగ్ మార్చితే చాలునని కుర్రవాడు పానా అందుకున్నాడు. మేస్త్రీ యజమానిని ఒక ప్రశ్న అడిగాడు: "ఈ ప్యాకింగ్ ఎప్పుడు మార్చారు?" "రెండు నెలలైంది. అంతకుముందు కూడా ఒకసారి మార్చాం" అన్నాడు యజమాని.

అసలు నిదానం ఇక్కడే మొదలైంది. కారిన చోటు దొరికింది. కారడానికి కారణం ఇంకా దొరకలేదు. సిలిండర్లలో మండిన వాయువు కొంత పిస్టన్ రింగులను దాటి ఇంజన్ లోపలికి చేరుతుంది. అది వెలుపలికి పోవడానికి బ్రీదర్ అనే గొట్టం ఉంటుంది. జిడ్డు, మసి పేరుకొని ఆ గొట్టం మూసుకుపోతే లోపల పీడనం పెరిగి, బలహీనమైన ప్యాకింగ్ నుండో సీలు నుండో ఆయిల్‌ను బయటికి నెడుతుంది. బ్రీదర్ మూసుకొని ఉండగా ఎన్ని ప్యాకింగులు మార్చినా ప్రయోజనం ఉండదు. ఈ లారీలో జరిగినది అదే. బ్రీదర్ శుభ్రం చేశాక, ఇంజన్ నెమ్మదిగా నడుస్తుండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా తీసి చూశారు. స్వల్పంగా ఆవిరి మాత్రమే వచ్చింది. పొగ బలంగా ఎగదన్నితే రింగులు అరిగాయేమోనని అనుమానించవలసి వచ్చేది.

తరువాత మరమ్మతు. పాత ప్యాకింగ్ ముక్కలను లోహంపై గీతలు పడకుండా గీకి తీశారు. కవరు అంచు వంగలేదని సరిచూశారు. కొత్త ప్యాకింగ్ అమర్చి, తయారీదారు సూచించిన క్రమంలో, సూచించినంత బలంతోనే బోల్టులు బిగించారు. ఎక్కువ బిగిస్తే ఎక్కువ మేలనుకోవడం పొరపాటు. అతిగా బిగిస్తే ప్యాకింగ్ నలుగుతుంది, రేకు వంగుతుంది. అంటించే పేస్టు అతిగా పూసినా దాని తునకలు లోపల పడి ఆయిల్ మార్గాన్ని అడ్డగించవచ్చు.

తగ్గిన ఆయిల్ నింపి ఇంజన్ నడిపారు. ఆపి కొన్ని నిమిషాలు ఆగి, ఆయిల్ గేజి తీసి, మట్టం రెండు గుర్తుల నడుమ ఉన్నదని చూశారు. కొంతదూరం బండి నడిపి వచ్చి మళ్ళీ పరీక్షించారు. పొడి తెల్లగానే ఉంది. తుడిచిన ఆయిల్‌ను కాలువలో పారబోయక డబ్బాలోకి ఎత్తి, అధీకృత శుద్ధి కేంద్రానికి పంపడానికి పక్కన ఉంచారు. వాడిన ఆయిల్ నేలను, నీటిని విషపూరితం చేస్తుంది.

సాయంత్రానికి లారీ రోడ్డెక్కింది. గేర్ బాక్సు దించి ఉంటే అనేక రోజుల కిరాయి పోయేది. ఆయిల్ మాత్రం మునుపటివలెనే కారేది. కనిపించిన చోటు, పుట్టిన చోటు, పుట్టించిన కారణం - ఈ మూడూ వేరువేరు కావచ్చునని ఆ కుర్రవాడు ఆనాడు నేర్చుకున్నాడు. వైద్యునికైనా, మెకానిక్‌కైనా, లెక్కలో పొరపాటు వెదికే విద్యార్థికైనా ఈ మెలకువ అవసరమే. నిదానం అనే మాటకున్న రెండర్థాలూ ఇక్కడ ఒకటవుతాయి: తొందరపడనివానికే మూలం కనిపిస్తుంది.