ఒక్క చెట్టుకు ఒక కోట

ఒకే ఒక్క నారింజ చెట్టు కోసం, దాని చుట్టూ నాలుగు మీటర్ల ఎత్తు రాతిగోడ కట్టేవారు ఎక్కడైనా ఉంటారా? ఉన్నారు. ఆ గోడ దొంగల భయంతో కట్టింది కాదు. మరి దేనికోసం? తెలుసుకోవాలంటే మధ్యధరా సముద్రంలోని పాంటెల్లేరియా ద్వీపానికి వెళ్ళాలి. రండి, తొందర లేకుండా నడుస్తూ చూద్దాం.

ఈ ద్వీపం ఇటలీ దేశానిది. కాని సిసిలీకి దాదాపు 100 కిలోమీటర్ల దూరాన ఉంటే, ఆఫ్రికాలోని ట్యునీసియాకు 70 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. వైశాల్యం 83 చదరపు కిలోమీటర్లు. జనాభా ఎనిమిది వేలకు లోపే. కాప్రీ వంటి ద్వీపాలకు పోయినంతమంది యాత్రికులు ఇక్కడికి రారు. తెల్లని ఇసుక తీరాలు లేవు. ఎటు చూసినా నల్లని రాయే.

సముద్రంలోంచి లేచిన కొండ

ఈ రాయి ఎక్కడిది? పాంటెల్లేరియా ఒక అగ్నిపర్వతం. సముద్రపు అడుగునుంచి లేచి, నీటిమట్టానికి పైన 836 మీటర్ల ఎత్తున నిలిచింది. 1891లో తీరానికి కొద్ది దూరంలో సముద్రగర్భంలో లావా పెల్లుబికింది. అప్పుడు లోపల వాయువు నిండిన వేడి లావా ముద్దలు బంతుల్లా నీటిపై తేలాయి. నేటికీ కొండ పగుళ్ళలోంచి ఆవిరి వస్తుంది. 'బెనికులా' అనే గుహలో కూర్చుంటే ఒళ్ళంతా చెమటలు పడతాయి. 'వీనస్ అద్దం' అని పిలిచే సరస్సు అంచున వేడినీటి ఊటలున్నాయి. తీరాన ఒకచోట లావా కమానులా గడ్డకట్టి, ఏనుగు తొండంతో సముద్రపు నీళ్ళు తాగుతున్నట్టు కనిపిస్తుంది!

నీళ్ళే కరువు

చుట్టూ సముద్రమున్నా తాగడానికి నీళ్ళు లేవు. ఒక్క నది లేదు, వాగు లేదు. వేసవి నెలల్లో వాన దాదాపు పడదు. దీనికి తోడు ఏడాదిలో చాలా రోజులు ఉప్పుగాలి వీస్తూనే ఉంటుంది. అరబ్బులు దీన్ని 'గాలుల కూతురు' అన్నారని చెబుతారు.

ఇక్కడి ఇళ్ళను చూడండి. 'దమ్ముసో' అంటారు. మందమైన రాతిగోడలు, పైన గుమ్మటంలా ఉబ్బెత్తుగా గచ్చు చేసిన తెల్లని కప్పు. మందపు గోడవల్ల మధ్యాహ్నపు ఎండ లోపలికి త్వరగా చేరదు. గుమ్మటంమీద పడ్డ ప్రతి వానచుక్కా అంచులకు జారి, కాలువగుండా ఇంటికింది తొట్టిలోకి దిగుతుంది. అంటే ఇంటికప్పే వారి చెరువు! ఈ రోజుల్లో సముద్రపు నీటిలోని ఉప్పును తీసివేసే యంత్రాగారాలు వచ్చాయి. అయినా పాత తొట్లకు విలువ తగ్గలేదు.

గోడ చేసే పని

ఇక మన నారింజ చెట్టు దగ్గరకు వద్దాం. మొక్క వేళ్ళతో పీల్చిన నీటిలో ఎక్కువ భాగం ఆకుల రంధ్రాలగుండా ఆవిరైపోతుంది. దీనినే బాష్పోత్సేకం అంటాం. గాలి వీచినకొద్దీ ఆకుల చుట్టూ ఉన్న తేమగాలి కొట్టుకుపోయి, పొడిగాలి వచ్చి చేరుతుంది. అప్పుడు మొక్క ఇంకా త్వరగా నీరు కోల్పోతుంది. గోడ గాలిని ఆపుతుంది. పొద్దునా సాయంత్రమూ నేలకు నీడనిస్తుంది. లోపలి తేమ లోపలే నిలుస్తుంది. అందుకే నీరు పెట్టకపోయినా చెట్టు బతుకుతుంది. సున్నం, అడుసు లేకుండా రాయిమీద రాయి పేర్చి కట్టిన ఇలాంటి గుండ్రని తోటలు ద్వీపంలో వందల కొద్దీ ఉన్నాయి. ఖమ్మా అనే ఊరి దగ్గర ఉన్న ఒక తోటలో ఏళ్ళ నాటి నారింజ చెట్టు ఒక్కటే ఉంది.

ద్రాక్షకు పందిరి వేస్తే గాలి బతకనివ్వదు. అందుకని రైతులు జానెడు లోతు గుంట తీసి, అందులో తీగను పొట్టి పొదలా పెంచుతారు. గాలి పైనుంచి పోతుంది. వాననీరు, మంచు గుంటలో చేరతాయి. యునెస్కో 2014లో ఈ సేద్యపద్ధతిని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఇక్కడి ద్రాక్ష పేరు 'జిబిబ్బో'. ఎండుద్రాక్షకు అరబ్బీ మాట అయిన 'జబీబ్' నుంచి ఈ పేరు వచ్చింది.

రాళ్ళ సందుల్లో పెరిగే కేపర్ పొదను కూడా చూడండి. దాని పూమొగ్గలను ఇక్కడివారు ఉప్పులో ఊరవేస్తారు. మన కంచెలమీద అల్లుకునే ఆదొండ దీనికి దగ్గరి చుట్టమే. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి.

గోడ కూలితే?

ఈ గుంటలు తీయాలన్నా, ద్రాక్ష కోయాలన్నా నడుము వంచి చేతులతోనే చేయాలి. యంత్రం పనికిరాదు. అందువల్ల చాలామంది సేద్యం మానుకున్నారు. ద్రాక్ష తోటలు పూర్వమున్న దానిలో కొద్ది భాగమే మిగిలాయి. మనిషి చేయి తగలని గోడ కూలుతుంది. గోడ కూలితే వానకు మట్టి కొట్టుకుపోతుంది. బీడుపడ్డ చోట పొదలు పెరిగి, వేసవిలో నిప్పు అంటుకుంటే త్వరగా పాకుతుంది. 2022 ఆగస్టులో పెద్ద మంట రేగి జనం ఇళ్ళు వదలవలసి వచ్చింది. ఒక రాయి పడిపోయినప్పుడే తిరిగి పెట్టేవాడు ఊళ్ళో ఉండాలి.

మీరూ చేసి చూడండి

ఒకే కొలత గల రెండు పళ్ళాల్లో సమానంగా నీళ్ళు పోయండి. గాలి బాగా వీచే డాబామీద ఒకటి బయట పెట్టండి. రెండోదాని చుట్టూ ఇటుకలు నిలబెట్టండి. సాయంత్రం రెండింటిలోని నీటిని కొలవండి. దేనిలో ఎక్కువ మిగిలింది? ఎంత తేడా? ఆ తేడాయే పాంటెల్లేరియాలో నారింజ చెట్టు ప్రాణం.