బయోమెడికల్ ఇంజనీరింగు: ఏ కాలేజీలో చేర్చాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మన గ్రామాల్లో తలిదండ్రులకు ఒకటే దిగులు, ఏ కాలేజీ అని. బయోమెడికల్ ఇంజనీరింగు అంటే డాక్టరు చదువనుకునేవారు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. కాదండీ. ఇ.సి.జి. యంత్రం, వెంటిలేటరు, డయాలిసిస్ యంత్రం, కృత్రిమ కాలు వంటివాటిని తయారుచేసి, చెడితే బాగుచేసే విద్య ఇది.

1990 దశకంలో హైదరాబాదులో జరిగిన సంగతి వినండి. పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచేవారు. నిమ్స్ ఎముకల వైద్యుడొకరు అబ్దుల్ కలాం గారి ప్రయోగశాలకు వెళ్ళి, క్షిపణికి వాడే తేలికైన పదార్థాన్ని చేతబట్టి చూశారు. కలాం గారిని వెంటబెట్టుకుని తన రోగులను చూపించారు. కొద్ది వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి!

అందుచేత కాలేజీకి వెళ్ళినప్పుడు అద్దాల మేడలు చూసి మురిసిపోకండి. పిల్లలను ఏ ఆస్పత్రికి, ఎన్నాళ్ళు పంపుతారు? ల్యాబులో యంత్రం విప్పనిస్తారా? నిరుడు చదువు ముగించినవారికి ఎక్కడ పని దొరికింది? ఇవి అడగండి. జవాబు నసిగితే లేచి రండి.

తార్నాకలో దిగితే ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గరే. 1929లో మొదలైన అక్కడి ఇంజనీరింగు కాలేజీలో ఈ శాఖ ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం గనుక డొనేషను బెడద లేదు. ఎంసెట్ ర్యాంకు మీద సీటు. తెలంగాణలో 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్. ఆంధ్ర జిల్లాలవారు స్థానికత నిబంధన ముందే కనుక్కోవాలి. నర్సాపూర్‌లోని బి.వి. రాజు కాలేజీ వంటి ప్రైవేటు చోట్ల కూడా ఈ కోర్సు ఉంది. ప్రైవేటులో చేర్చదలిస్తే పొలం తాకట్టు పెట్టకముందే నాలుగేళ్ళ ఫీజు, హాస్టలు ఖర్చు కాగితం మీద రాయించుకోండి.