అంచు శుభ్రమేనా?

తెలుగులో ‘అంచు’ చిన్న మాట. చీరకుంటుంది, పొలానికుంటుంది. గద్వాల చీరకైతే అందమంతా పట్టు అంచులోనే ఉంది. ఆ గద్వాల ఆడపడుచే మా నల్లగొండలో పక్కింటి అక్క. ఒక సాయంత్రం ఆమె రిపోర్టు కాగితంతో మా గుమ్మంలో నిలబడేదాకా, ఆ మాటలో ఒక మనిషి ధైర్యమంతా ఇమిడి ఉంటుందని నేనెరుగను.

ఆమెకు రొమ్ములో చిన్న గడ్డ. తొలిదశలోనే బయటపడింది. హైదరాబాదులో గడ్డనూ, దాని చుట్టూ కొంత మంచి భాగాన్నీ తీసి రొమ్మును నిలిపారు. పది రోజులకు వచ్చిన రిపోర్టులో, ఒక అంచున కాన్సరు కణాలు కనిపించాయని ఉంది. మళ్ళీ ఆపరేషను కావాలన్నారు.

“గదేంది చెల్లె! తీసింది మళ్ళ మొలిచిందా? అంత తీసేయిస్తె పీడ పోతుండె గద!” అని కంటతడి పెట్టుకుంది.

మొలవలేదు. కాన్సరు కొస కంటికి కనిపించదు, వేలికి తగలదు. అందుకే తీసిన ముక్కకు ఏది పైవైపో, ఏది పక్కవైపో సర్జను దారాలతో గుర్తు పెడతారు. పెథాలజిస్టు వైపుకొక రంగు సిరా పూసి, పల్చగా కోసి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. సిరాను కాన్సరు కణం తాకిందా, లోపల ఇంకా మిగిలి ఉండవచ్చునన్నమాట. తాకకపోతే అంచు శుభ్రం. ఆపరేషను తరువాత కిరణ చికిత్స పొందేవారికి అంతకన్న వెడల్పు అక్కరలేదని 2014లో అమెరికా వైద్య సంఘాలు తేల్చాయి. పాలనాళాలు దాటని తొలి రకానికి మాత్రం 2 మిల్లీమీటర్లు ఉండాలని 2016లో చెప్పాయి.

ఆపరేషను బల్లమీదే తేల్చరాదా? కొన్నిచోట్ల ముక్కను గడ్డకట్టించి అప్పటికప్పుడే చూస్తారు. కాని రొమ్ములో కొవ్వెక్కువ. అది సరిగా గడ్డకట్టక పొరపాటుకు తావుంటుంది. అందుకే రెండో ఆపరేషను అరుదు కాదు. ఇంగ్లండులో 2005–2008 నడుమ ఇలా రొమ్ము నిలిపిన ప్రతి ఐదుగురిలో ఒకరికి మళ్ళీ కత్తి తప్పలేదు.

మరి అంతా తీసేయిస్తే నయమా? 1976లో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ మొదలుపెట్టిన పరిశోధనలో 1851 మంది స్త్రీలను ఇరవయ్యేళ్ళు గమనించారు. రొమ్ము తీసినవారూ, నిలిపినవారూ సమానంగానే బతికారని 2002లో వెల్లడైంది. అయితే గడ్డ మాత్రమే తీసి ఊరకున్నవారిలో నూటికి 39 మందికి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది. కిరణ చికిత్స కూడా పొందినవారిలో 14 మందికే.

కష్టమంతా ఇక్కడే ఉంది. కిరణాలకు చాలామంది మూడు వారాలపాటు, ఆదివారాలు తప్పించి, దాదాపు రోజూ ఆసుపత్రికి పోవాలి. 1955 నుంచీ పేదలకు దిక్కయిన మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రి కూడా హైదరాబాదులోనే ఉంది. నల్లగొండకైనా, మహబూబ్‌నగరుకైనా అది దాదాపు నూరు కిలోమీటర్లు. బస్సుఖర్చూ, బస తలచుకొని రొమ్ము తీసేయించుకునే వారున్నారు. అది వారి నిర్ణయమైతే తప్పు లేదు. భయం చేసిన నిర్ణయం మాత్రం కాకూడదు.

అక్కకు రెండోసారి ఆ ఒక్క వైపే కొంచెం తీశారు. ఈసారి అంచు శుభ్రం. బంధువుల ఇంట ఉండి కిరణాలు పూర్తి చేసుకొని వచ్చింది.

మీ ఇంట ఎవరికైనా ఈ అవసరం వస్తే డాక్టరును మొహమాటపడకుండా అడగండి: అంచు శుభ్రమేనా? కాకపోతే ఏ వైపున? కిరణాలు ఎప్పుడు? జవాబు రాసిన కాగితాన్ని చీర మడతలో దాచి మరచిపోకండి; ప్రతిసారీ వెంట తీసుకువెళ్ళండి.